ఆరో నెల గర్భిణీ ‘ది బాబడూక్’ చూడొచ్చా? తల్లి అలా అయిపోవడం నిజంగా ఉంటుందా?

మీ ఆవిడకి ఆరో నెల అన్నారు. ఆవిడకి హారర్ సినిమాలంటే ఇష్టం, ‘ది బాబడూక్’ చూద్దామని పట్టుబడుతోంది, మీరేమో అందులో తల్లి సొంత కొడుకు మీదే తిరగబడుతుందని నెట్‌లో చదివి బెదిరిపోయారు. సినిమా చూడొచ్చా అన్నది మొదటి ప్రశ్న, కన్నతల్లి అలా మారిపోవడం నిజంగా జరుగుతుందా అన్నది రెండోది. ముందు రెండోదానికి చెప్తాను. జరుగుతుంది. కాన్పు తర్వాత వచ్చే ఒక మానసిక జబ్బు ఉంది, అది నాకే వచ్చింది.

2019లో, బెంగళూరులో మారతహళ్లి దగ్గర మా అద్దె ఫ్లాట్‌లో, పాప పుట్టిన ఏడో రోజు సాయంత్రం పాపని బీరువాలో పెట్టాను.

అమ్మ పథ్యం కూడు కలిపి తెచ్చింది. మంచం మీద పాప లేదు. నేను బీరువాకి వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నాను. “పాపేదే?” అంటే నవ్వానట. ఆ నవ్వు గురించి అమ్మ ఇప్పటికీ మాట్లాడదు. కంచం కింద పెట్టి బాత్రూం చూసింది, బాల్కనీ చూసింది, బాల్కనీ నుంచి కిందికి కూడా తొంగి చూసింది. చివరికి పాపే ఏడ్చి తన జాడ చెప్పింది. అంతా కలిపి నాలుగైదు నిమిషాలు ఉంటుందేమో.

బయటి నుంచి చూస్తే ఇది అచ్చం హారర్ సినిమా సీనే. లోపల నాకు ఎలా ఉందో చెప్తాను. హాల్లో ఇన్వర్టర్ మీద ఆకుపచ్చ లైటు ఉండేది. అది రెండుసార్లు ఆరి వెలిగితే పాప కోసం ఎవరో బయల్దేరారని నాకు తెలిసిపోయింది. అనుమానం కాదు, పొద్దున సూర్యుడు వచ్చాడని తెలిసినంత గట్టిగా తెలిసింది. పాపని దాచాలి. బీరువా కింది అరలో పట్టుచీరలుంటాయి, మెత్తగా ఉంటుంది. రెండు చీరలు పరిచి పడుకోబెట్టాను. ఊపిరాడాలని తలుపు వేలెడంత సందు ఉంచాను. అమ్మకి చెప్పకపోవడానికి కారణం, ఆవిడ అమ్మేనా అని నాకు అప్పటికే డౌటు. నా లెక్కలో ఆ ఇంట్లో పాపని కాపాడేది నేనొక్కదాన్నే.

ఈ జబ్బులో భయపెట్టేది అదే. తల్లికి బిడ్డ మీద ప్రేమ పోయి అలా చేస్తుందని చాలామంది అనుకుంటారు. నాకు ప్రేమ ఎక్కడికీ పోలేదు, ఆ ప్రేమే బీరువా దాకా తీసుకెళ్ళింది.

మొదటి గుర్తు నాలుగో రోజే కనిపించింది, ఎవరూ గుర్తుపట్టలేదు. నిద్ర లేదు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఎవరికి ఉంటుంది అంటారు, నిజమే. కానీ అమ్మ పాపని ఎత్తుకుని వేరే గదిలోకి వెళ్ళినా నాకు కన్ను మూతపడలేదు, నిద్రపోవాలనీ అనిపించలేదు, అలసటా లేదు. రాత్రి మూడింటికి పోపుల డబ్బా ఖాళీ చేసి కడిగి ఆరబెట్టాను. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. ఆ అలవాటు కొద్దీ పాప ఎన్నింటికి పాలు తాగింది, ఎంతసేపు తాగింది అన్నీ నోట్‌బుక్‌లో రాసేదాన్ని. ఐదో రోజుకి ఆ అంకెల్లో ఏదో సందేశం ఉందని కనిపెట్టాను. మా ఆయన ఆ పుస్తకం చూసి “ఎంత పద్ధతిగా రాస్తున్నావే” అని మెచ్చుకున్నాడు కూడా. పురుడు పోసిన ఆసుపత్రికి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నావిడ, తొలి కాన్పు కదా, అందరికీ ఉండేదే, రెస్ట్ తీసుకోమనండి అంది.

హారర్ సినిమాల్లో ఒక రివాజు ఉంటుంది. ఒకరు దయ్యం ఉందని మొత్తుకుంటారు, మిగతావాళ్ళు నమ్మరు, ఆ నమ్మకపోవడం వల్ల అందరూ చిక్కుల్లో పడతారు. మా ఇంట్లో రివర్స్. దయ్యం అనగానే అందరూ నమ్మేశారు. బీరువా సంగతి తెలిసి పెద్దమ్మ తెల్లారేసరికి హిందూపురం నుంచి దిగింది. నన్ను ఒక్కసారి చూసి “దీనికి గాలి సోకింది” అని తేల్చేసింది. ఒక పల్లెలో మంత్రించే ఆయన దగ్గరికి కారులో తీసుకెళ్ళారు. నిమ్మకాయ, వేపమండలు, తాయెత్తు. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు, పాపం ఆయనకి తెలిసింది ఆయన చేశాడు. ఫోన్‌లో ఎవరో చుట్టాలు “చంద్రముఖి అయిపోయిందా ఏంటి” అని నవ్వారట. ఆ వెటకారం పక్కన పెడితే, ఆ 2005 సినిమా పుణ్యమా అని మన ఇళ్ళలో ఇలాంటిదానికి ఉన్న ఒకే ఒక్క పేరు అదే. అలా మూడు రోజులు పోయాయి. నేను పాలు తాగడం మానేశాను, అందులో ఏదో కలిపారని.

పదకొండో రోజు పై అంతస్తు ఆంటీ పాపని చూడ్డానికి వచ్చింది. కన్నడ ఆవిడ, రిటైరైన నర్సు. పాపని చూసింది, నన్ను చూసింది, మా అమ్మ చెప్పిందంతా విని ఒక్క మాటే అడిగింది: “నిద్దె మాడి ఎష్టు దిన ఆయ్తు?” నిద్రపోయి ఎన్ని రోజులైంది అని. గాలి, ధూళి, దిష్టి ఏదీ అడగలేదు. వారం దాటిందని అమ్మ చెప్పగానే, ఈ రాత్రే నిమ్హాన్స్‌కి (బెంగళూరులోని పెద్ద మానసిక ఆసుపత్రి) తీసుకెళ్ళండి, పొద్దుటి దాకా ఆగొద్దు అంది. సిల్క్ బోర్డ్ దగ్గర ప్రతి ఎర్ర సిగ్నలూ నాకోసమే పడుతోందని ఏడ్చానట. అది మాత్రం బెంగళూరులో అందరికీ అనిపించేదే అని మా ఆయన ఇప్పుడు జోకేస్తాడు.

డాక్టరమ్మ ముందు అడిగిన ప్రశ్నల్లో ఒకటి: ఇంట్లో మందులు, కత్తులు ఈమెకి అందేచోట ఉన్నాయా? అమ్మ మొహం పాలిపోయింది. బాలింతకి గాలి తగలకుండా దిండు కింద ఇనుము పెడతారు కదా. మా ఇంట్లో ఆ ఇనుము కూరలు తరిగే కత్తి. అన్ని రాత్రులూ దాని మీదే తల పెట్టుకుని పడుకున్నాను.

జబ్బు పేరు పోస్ట్‌పార్టమ్ సైకోసిస్. పాతకాలం వాళ్ళు బాలింత సన్ని అనేవాళ్ళు. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, అది పది పదిహేను రోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది, అది వేరు. డిప్రెషన్ వేరు, అది దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువమందికి వస్తుంది, మెల్లగా వస్తుంది. సైకోసిస్ ఎమర్జెన్సీ. వాంతులు, విరేచనాలైతే ఆసుపత్రికి పరిగెత్తినట్టు పరిగెత్తాలి. మందులకి బాగా లొంగుతుంది. నాకు రెండో రాత్రే నిద్ర పట్టింది, మూడు వారాల్లో లైట్లు మళ్ళీ మామూలు లైట్లయ్యాయి. ఆ తర్వాత నెలల తరబడి దిగులు పట్టింది గానీ అది ఇంకో కథ.

నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డల కోసం విడిగా వార్డు ఉంది, 2009లో మొదలైంది. తోడుగా ఇంటివాళ్ళు ఒకరుంటారు, బిడ్డ తల్లి దగ్గరే ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో కూడా ఉంది, వైద్యం పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డని మామూలుగా విడదీయకూడదని. మా అమ్మకి అసలు భయం అదే, పాపని లాగేసుకుంటారని. ముందే తెలిసుంటే ఆ మూడు రోజులు పల్లె చుట్టూ తిరిగేవాళ్ళం కాదేమో.

ఇక సినిమాలు. ‘ది బాబడూక్’ 2014లో వచ్చిన ఆస్ట్రేలియా సినిమా, తీసినావిడ జెనిఫర్ కెంట్, ఇది ఆవిడ మొదటి పెద్ద సినిమా. నేను రెండేళ్ళ తర్వాత, పాప నిద్రపోయాక, ల్యాప్‌టాప్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను. కథలో తల్లిని కాన్పుకి ఆసుపత్రికి తీసుకెళ్తూ భర్త యాక్సిడెంట్‌లో పోతాడు. కొడుక్కి ఏడేళ్ళు రాబోతున్నా ఆమె వాడి పుట్టినరోజు ఆ రోజున చెయ్యలేదు. వాడు రాత్రుళ్ళు నిద్రపోడు, ఆమెని నిద్రపోనివ్వడు. తల్లిగా వేసిన ఎసీ డేవిస్ మొహం సగం సినిమాకే వాడిపోతుంది. అందరూ బాబడూక్ అనే నల్ల టోపీ భూతం గురించి మాట్లాడతారు గానీ నాకు వణుకొచ్చింది వేరేచోట. ఫ్రిజ్ వెనక గోడలో కంత, అందులోంచి బొద్దింకలు వస్తుంటాయి. ఇంటికి అధికారులు వచ్చినప్పుడు చూస్తే గోడకి కంతే లేదు. ఆమె అక్కడ నిలబడిన తీరు చూసి ల్యాప్‌టాప్ మూసేశాను. నోట్‌బుక్‌లో అంకెలు ఉత్త అంకెలని తెలిసిన రోజు నేనూ అలాగే నిలబడ్డాను. మూడు రోజుల తర్వాత మిగతాది చూశాను.

చివర చెప్పేస్తున్నాను, వద్దనుకుంటే ఈ పేరా దాటేయండి. భూతం చావదు. కింద సెల్లార్‌లో ఉంటుంది, ఆమె తోటలో వానపాములు ఏరి గిన్నెలో పెట్టి దానికి పెడుతుంది. నేనూ చూస్తానంటాడు కొడుకు, పెద్దవాడివయ్యాక అంటుంది. మా పాపకి ఇప్పుడు ఆరేళ్ళు. ‘నేను పుట్టాక మనం ఆసుపత్రిలో ఎందుకున్నాం’ అని అడిగితే నాకు నిద్ర జబ్బు వచ్చిందని చెప్పాను. బీరువా సంగతి ఇంకా చెప్పలేదు.

‘లైట్స్ అవుట్’ అని 2016లో ఒకటి వచ్చింది. అది నాకు ఒళ్ళు మండిన సినిమా. తల్లికి డిప్రెషన్, చీకట్లో మాత్రమే కనిపించే దయ్యం ఆమెని పట్టుకుని వేలాడుతుంటుంది. ఆ తల్లి ప్రాణం తీసుకుంటే దయ్యం పోతుంది, పిల్లలు సుఖపడతారు. భయపెట్టడం బాగానే భయపెట్టారు. కానీ ‘నేను లేకపోతే పిల్లలు బాగుంటారు’ అన్నది డిప్రెషన్‌లో ఉన్న తల్లికి జబ్బే చెవిలో చెప్పే మాట. నాకు కూడా ఆ దిగులు నెలల్లో చెప్పింది. ఆ మాటకి సినిమావాళ్ళు అవునని తలూపితే ఎలా? ఇది మాత్రం ఇప్పుడు మీ ఆవిడకి వద్దు.

‘హెరెడిటరీ’ (2018) ఇంకా బరువు. అందులో తల్లిగా వేసిన టోనీ కొలెట్ తన పుట్టింట్లో ఎవరెవరికి ఏ మానసిక జబ్బు ఉందో కొత్తవాళ్ళ ముందు ఏకరువు పెట్టే సీనుంది. దయ్యాల భాగం నాకు అంతగా ఎక్కలేదు, ఆ సీను మాత్రం ఉలిక్కిపడేలా చేసింది. ఎందుకంటే మా జేజి చెల్లెలికి బాలింత సన్ని వచ్చిందని నేను ఆసుపత్రిలో చేరాకే బయటపడింది. డాక్టరమ్మ గుచ్చిగుచ్చి అడిగితే అప్పుడు పెద్దమ్మ గొణిగింది. అంతవరకు ఆవిడ బావిలో పడి పోయిందని మాత్రమే మాకు చెప్పారు. ‘ది అదర్స్’ (2001) కథ చెప్తే సినిమా పోతుంది. పిల్లల్ని కాపాడాలని ఇంట్లో పరదాలన్నీ మూసే తల్లి అందులో ఉందని మాత్రం చెప్తాను, ఆమెని చూస్తే నాకు నా బీరువానే గుర్తొచ్చింది.

మొదటి ప్రశ్నకి వస్తే, చూడనివ్వండి. సినిమా చూస్తే ఈ జబ్బు రాదు. కాన్పు తర్వాత హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం, వంశంలో ఉండటం, బైపోలార్ (విపరీతమైన హుషారు, దిగులు మారిమారి వచ్చే జబ్బు) ఉండటం, ఇలాంటివి ముప్పు పెంచుతాయంటారు. ఆవిడకి అలవాటే కాబట్టి ‘బాబడూక్’ పగలు పెట్టుకుని చూడండి. కుక్క చనిపోతుంది, ముందే చెప్పండి, చాలామందికి అదే ఎక్కువ బాధ. అసలు శ్రద్ధగా చూడాల్సింది మీరు. రెండు వైపుల వాళ్ళనీ ఇప్పుడే అడగండి, బాలింతగా ఉండగా ఎవరైనా ‘తేడాగా’ మాట్లాడారా అని. సూటిగా అడిగితే చెప్పరు, పాత కథలు అడిగినట్టు అడగండి. ఏమైనా బయటపడితే గైనకాలజిస్ట్‌కి ఇప్పుడే చెప్పండి, కాన్పయ్యాక కాదు. పురుడు పుట్టింట్లో అయితే రోజూ ఫోన్‌లో బిడ్డ పాలు తాగిందా అని కాదు, ఆవిడ ఎన్ని గంటలు పడుకుందో అడగండి. రెండు రాత్రులు కన్ను మూయకుండా హుషారుగా ఉందంటే బండెక్కండి. ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కి కాల్ చేయండి, అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, తెలుగులో కూడా మాట్లాడతారు.

దిండు కింద కత్తి పెడతామని పెద్దవాళ్ళు అంటే గొడవపడకండి. ఇనుము ఉంటే చాలు కదా. మా చెల్లెలి పురిటికి అమ్మే స్వయంగా మా ఊరి ఇంటి పాత తాళంచెవి తెచ్చి పెట్టింది.