పర్లాకిమిడి స్టూడియోకు మ్యాకా, విండోసా?

పర్లాకిమిడిలో పెళ్లి వీడియోలతోపాటు తెలుగు, ఒడియా శుభలేఖలు కూడా చేసే మీ స్టూడియోకు మ్యాక్ కొనాలా, విండోస్ వర్క్‌స్టేషన్ కొనాలా అని అడిగారు. పని వీడియో ఒక్కటే అయితే సందేహం లేకుండా మ్యాక్ తీసుకోమనేవాణ్ని. ఆపిల్ ఎం2, ఆ తరువాతి చిప్‌లలో ప్రోరెస్ (ఆపిల్ వీడియో ఫార్మాట్) వంటి ఫైళ్ల కోసమే ప్రత్యేక విభాగం ఉండటం వల్ల 4కె ఎడిటింగ్ తక్కువ కరెంటుతో, తక్కువ వేడితో సాగుతుంది.

అయితే మీ అసలు చిక్కు శుభలేఖల దగ్గర ఉంది. అను అనే తెలుగు ఫాంట్లతో పేజ్‌మేకర్ అనే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కూర్చిన ఫైళ్లు, ఒడియాకు వాడే ఆకృతి ఫాంట్లు విండోస్‌ను నమ్ముకున్నవి. పైగా 2020 నుంచి వస్తున్న ఆపిల్ చిప్ మ్యాక్‌లలో, మ్యాక్‌లోనే విండోస్ నడుపుకునేందుకు పనికొచ్చే బూట్ క్యాంప్ లేదు. పాత ఫైలు తెరిచి, వధూవరుల పేర్లు, ముహూర్తం మార్చి సాయంత్రానికల్లా ప్రెస్సుకు పంపవలసిన లగ్గసరిలో ఆ ఫైలు తెరుచుకోకపోతే, యంత్రం ఎంత వేగవంతమైనదైనా మీకు అక్కరకు రాదు.

అందుచేత ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ డెస్క్‌టాప్ తీసుకోండి. ర్యామ్‌ను తరువాత పెంచుకునే వీలు ఆపిల్ చిప్ మ్యాక్‌లలో లేదు. యూపీఎస్ ఖర్చును మాత్రం ముందే లెక్కలో కలుపుకోండి. ఆపిల్ వారి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ విండోస్‌లో నడవదు కాబట్టి, రెండింటిలోనూ నడిచే డావించి రిజాల్వ్‌లో ఎడిటింగ్ అలవాటు చేసుకోండి.