పాత ఊళ్లో అద్దెకు దిగబోయే అమ్మాయికి

తల్లీ,

నీ ఉత్తరం చదివాను. పెద్ద నగరం వదిలేసి, పాత కోటా ఇరుకు వీధులూ ఉన్న ఆ చిన్న ఊళ్లో ఉందామనుకుంటున్నానన్నావు. ఇల్లు నచ్చిందని, అద్దె ఇప్పుడు కట్టేదాంట్లో సగం కూడా లేదని, అడ్వాన్స్ ఇచ్చేయనా అని అడిగావు. అప్పుడే ఇవ్వకు. ఇంకో రెండుసార్లు చూసిరా.

ఆ ఊరు వద్దని కాదు. మీ పెదనాన్న బదిలీల పుణ్యమా అని అలాంటి ఊళ్లలోనే మూడు పాత ఇళ్లలో కాపురం చేశాను. నేను హాయిగా బతికిన రోజులు అవే. కాకపోతే అద్దె ఎందుకు తక్కువో ఇంట్లో దిగకముందే తెలియాలి. ఆ కారణం నువ్వు ఓర్చుకోగలిగేదైతే అంతకన్నా మంచి బేరం లేదు.

మొదటిసారి ఎండలో చూశావు కదా. ఈసారి వాన వెలిసిన మర్నాడు వెళ్లు. నేల నుంచి నడుము ఎత్తు దాకా గోడకి అరచెయ్యి ఆనిస్తూ గదులన్నీ తిరుగు. పాత ఇళ్ల పునాదుల్లో చాలావరకు చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని తడిని ఇటుక పీల్చుకుంటుంది, అది మెల్లగా పైకెక్కుతుంది, మామూలుగా మూడడుగుల దాకా. నీరు ఆరిపోయాక అందులోని ఉప్పు గోడ మీదే మిగిలిపోతుంది. గోటితో గీకితే తెల్లటి పిండిలా రాలుతుంది. గోడ పొడవునా ఒకే ఎత్తులో గీత గీసినట్టు మరక కనిపిస్తే అది నేల చెమ్మ. పైనుంచి కిందికి దిగిన మరకైతే కప్పు కారుతోందన్నమాట. కారే కప్పుని ఓనర్ చేత బాగు చేయించుకోవచ్చు. నేల చెమ్మ అంత తేలిగ్గా వదలదు.

గోడ తళతళలాడుతుంటే మురిసిపోకు. కింది మూడడుగులకే కొత్త రంగు వేసి ఉంటే అసలు అనుమానించు. సున్నంతో కట్టి సున్నమే పూసిన గోడ తనలోని తడిని గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూసి, పైన ఆయిల్ పెయింట్ కొడితే తడికి దారి మూసుకుపోతుంది. అప్పుడది ఇంకాస్త పైకి ఎక్కి ఎక్కడో పొక్కి పెచ్చులుగా ఊడుతుంది. వెలిసిపోయిన సున్నం గోడే నయం, నా మాట నమ్ము.

ఇది నాకు ఊరికే తెలియలేదు. రెండో ఇంట్లో పుస్తకాల బీరువాని గోడకి ఆనించి పెట్టాను. వానాకాలం పోయాక దాన్ని జరిపితే వెనక చెక్కంతా నల్లటి బూజు. లోపలి వరసలో పుస్తకాల అట్టలు ఒకదానికొకటి అంటుకుపోయి, విడదీయబోతే అట్టతో పాటు పేజీలూ చిరిగొచ్చాయి. ఇల్లు ఖాళీ చేసేరోజు ఆ గోడ మేమే పాడుచేశామని ఓనర్ అడ్వాన్స్‌లో పెద్ద మొత్తమే పట్టుకున్నారు. దిగేటప్పటికే అలా ఉందని చెప్పడానికి మా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. చాలా బాధపడ్డాం. అందుకే చెప్తున్నా, ఏ సామానైనా గోడకి నాలుగు వేళ్ల దూరంలో పెట్టు. తాళాలు చేతికొచ్చిన రోజే, సామాను దించకముందే, ప్రతి గోడనీ కప్పునీ తలుపునీ మీటరు రీడింగునీ ఫొటో తీసి ఓనర్‌కి పంపించు.

తర్వాత కరెంటు. ఈ విషయంలో మొహమాటం వద్దు. ఎలక్ట్రీషియన్‌ని నువ్వే డబ్బిచ్చి తీసుకెళ్లు. ఎర్తింగ్ నిజంగా ఉందా, మూడు పిన్నుల సాకెట్ పైకి మాత్రమే అలా ఉందా అన్నది అతను పరీక్షించి చెప్తాడు. షాక్ కొడితే ప్రాణం మీదికి రాకముందే కరెంటు దానంతటదే ఆపేసే స్విచ్ ఒకటుంటుంది, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ అంటారు, అది ఉందో లేదో చూడమను. లేకపోతే పెట్టించాకే దిగుతానని చెప్పు. తలుపు చట్రాలను వేలి కణుపుతో తట్టు, డొల్ల శబ్దం వస్తే చెదలు తిన్నట్టే. పాత రంగు పెచ్చులూడే ఇంట్లో పసిపిల్లలు ఉండకూడదు. వెనకటి రంగుల్లో సీసం కలిపేవారు. అమెరికాలో ఇళ్లకు అలాంటి రంగులు వేయకూడదని 1978లో నిషేధించారంటే ఆ దుమ్ము ఎంత చెడ్డదో ఆలోచించు.

మెట్ల వెడల్పు కొలుచుకో. ఆమ్‌స్టర్‌డామ్‌లో పాత ఇళ్ల నెత్తిన కొక్కేలు కనిపిస్తాయి. మెట్లు మరీ ఇరుకు కావడంతో సామానును తాడు కట్టి కిటికీలోంచే లోపలికి లాగుతారు. నీ మంచానికి ఆ అవస్థ రాకూడదు. మందపాటి గోడలు వైఫైని కూడా ఆపేస్తాయి. నువ్వు పనిచేసే గదిలో సిగ్నల్ ఉందో లేదో అక్కడే కూర్చుని చూడు.

ఆ ఇల్లు వారసత్వ కట్టడాల జాబితాలో ఉందేమో కూడా అడుగు. ఉంటే కిటికీ మార్చాలన్నా, ముందు గోడకి ఏసీ బిగించాలన్నా అనుమతి కావాల్సి రావచ్చు. ఓనర్ నోటితో ‘ఏం పర్లేదు’ అంటే సరిపోదు, కాగితం మీద రాయించుకో. రిపేర్లు ఎవరివి, ఏడాదికి అద్దె ఎంత పెంచుతారు, ఖాళీ చేయమంటే ఎంత గడువు ఇస్తారు, ఇవన్నీ అగ్రిమెంటులో ఉండాలి.

ముఖ్యంగా ఆ గడువు సంగతి. చవకైన అందమైన ఊరు ఎప్పటికీ చవగ్గా ఉంటుందనుకోకు. మలేషియాలో జార్జ్ టౌన్ అని పాత ఓడరేవు ఊరుంది. అక్కడ అద్దెల నియంత్రణ 2000లో ఎత్తేశాక తరాలుగా ఉంటున్న అద్దెవాళ్లు ఎంతోమంది వెళ్లిపోయారు. 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఆ తర్వాత పాత ఇళ్లు వరసగా హోటళ్లూ కఫేలూ అయ్యాయి. నీ వీధిలో ఎన్ని ఇళ్లు టూరిస్టులకి రోజువారీ అద్దెకిస్తున్నారో లెక్కపెట్టు. సగం దాటితే ఓనర్ మనసు కూడా రేపు అటే లాగుతుంది. పైగా ఎవరూ నిలకడగా ఉండని వీధిలో నీకు ఒంట్లో బాగోకపోతే తలుపు తట్టేవాళ్లు ఎవరుంటారు?

వీలైతే ముందు నెల రోజులు గది తీసుకుని ఉండి చూడు. జర్మనీలో గోర్లిట్స్ అనే పాత ఊరు ఉంది. జనం తగ్గిపోయి ఎన్నో చక్కటి ఇళ్లు ఖాళీగా పడి ఉంటే, 2019లో కొంతమందిని పిలిచి నాలుగు వారాలు ఊరికే ఇల్లిచ్చి, ఉండి చూడమన్నారు. నీకు ఎవరూ ఊరికే ఇవ్వకపోయినా ఆ పద్ధతి పాటించదగ్గదే. ఆదివారం సాయంత్రం ఊరు ఎలా ఉంటుందో, చివరి రైలు ఎన్నింటికో, రాత్రి పదకొండింటికి డాక్టర్ దొరుకుతారో లేదో ఆ నెలలో తెలిసిపోతుంది. ఇల్లు చూసొచ్చిన సంబరంలో ఇవి గుర్తుకు రావు.

వాన పడ్డాక వెళ్లి వచ్చి నాకు ఫొటోలు పంపు. కప్పు మీది చెక్కడాలు తర్వాత చూస్తాను. ముందు గోడల కింది మూడడుగులు బాగా పడేలా తియ్యి.

మీ పెద్దమ్మ