తెల్లటి చర్మం గలవారు నీటిలో ఎండకు కమిలిపోకుండా ఏం చేయాలి?

తెల్లటి చర్మంలో ఎండ నుంచి కాపాడే మెలనిన్ తక్కువగా ఉంటుంది; పైగా ఈత కొట్టేటప్పుడు నీటి చల్లదనం వల్ల మంట తెలియకపోయినా, అతినీలలోహిత కిరణాలు నీటిలోకీ చొచ్చుకువస్తూనే ఉంటాయి. అందుచేత క్రీము కంటే ముందు బట్టకే ప్రాధాన్యం ఇవ్వాలని నా అభిప్రాయం: యూపీఎఫ్ (బట్ట అతినీలలోహిత కిరణాలను ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే కొలత) 50+ గల పొడుగు చేతుల ఈత చొక్కా నీటికి కరిగిపోదు, మళ్లీ మళ్లీ రాయవలసిన పనీ ఉండదు. బట్ట కప్పని చోట్ల, ముఖ్యంగా అందరూ మరచిపోయే చెవుల అంచులు, మెడ వెనుక భాగం, మోకాళ్ల వెనుక, పాదాల పైన, నీటిని తట్టుకునే ఎస్‌పీఎఫ్ (ఎండకు కమిలిపోకుండా క్రీము ఎంతగా కాపాడుతుందో చెప్పే కొలత) 50 సన్‌స్క్రీన్‌ను నీటిలో దిగడానికి 15 నిమిషాల ముందే దట్టంగా రాసుకుని, 2 గంటలకోసారి, అలాగే తువ్వాలుతో తుడుచుకున్న ప్రతిసారీ మళ్లీ రాసుకోవాలి. డబ్బాపై 40 లేదా 80 నిమిషాలని ఉంటే, నీటిలో అంతసేపే దాని రక్షణను నమ్ముకోవచ్చు.