గోడ దాటిన మునగ

ప్రశ్న: పక్కింటివాళ్ల మునగ కొమ్మలు ప్రహరీ దాటి మా పెరట్లోకి వాలాయి. గొంగళిపురుగులు రాలి పిల్లలకు దద్దుర్లు వస్తున్నాయి. మేమే కొట్టేయొచ్చా?

జవాబు: ముందు వాళ్లకో మాట చెప్పండి. వినకపోతే మీ వైపు నిలబడి, గోడ వరకే కోయండి. కాయలూ కొమ్మలూ వాళ్లకే ఇచ్చేయండి, అసలు తగవులు అక్కడే. మునగ పెళుసు, పైనుంచి ఒకేసారి కోస్తే బెరడు మొదలుదాకా చీలుతుంది. ముందు అడుగున మూడోవంతు గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోయాలి. పురుగుల నూగు తగిలితే దురద, నిండు చేతుల చొక్కా తప్పదు. పగలు అవి మాను మీద గుంపుగా అతుక్కుని ఉంటాయి. చెట్టువాళ్లే కాగడాతో కాల్చేయాలి. కాపయ్యాక మూడడుగుల ఎత్తులో నరికితే మళ్లీ చిగురిస్తుంది, కాయలు చేతికందుతాయి. ఈ మాటకు చాలామంది మెత్తబడతారు. చెట్టే కూలేలా ఉంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద ఆర్డీవోకు అర్జీ పెట్టండి.