లాబ్రడార్ దత్తతకు ఇన్ని ప్రశ్నలా? కడప ఎండకు అది నిలుస్తుందా?

మీ ప్రశ్న చదువుతుంటే మూడేళ్ల కిందటి నా కోపం గుర్తొచ్చి నవ్వుకున్నాను. లాబ్రడార్ జాతి కుక్కలను మాత్రమే చేరదీసి దత్తతకిచ్చే బెంగళూరు బృందం ఒకటి మీ ఇంట్లో పగలు ఎవరుంటారన్న దగ్గర నుంచి మిద్దె గోడ ఎత్తు దాకా ఆరా తీస్తోందని రాశారు. ఇంత తతంగం కంటే డబ్బు పెట్టి ఒక కుక్కపిల్లను కొనుక్కోవడం నయం కదా అన్నారు. కడప ఎండకు ఆ జాతి తట్టుకుంటుందా అన్నది మీ రెండో సందేహం. మాది అనంతపురం. ఎండ విషయంలో మీకు పెద్దగా తీసిపోము కాబట్టి నా అనుభవం మీకు పనికొస్తుందనుకుంటున్నాను.

నేను మొదట వెతికింది లాబ్రడార్ కోసం కాదు, హస్కీ అనే ఇంకో జాతి కుక్క కోసం. మా పాప ఫోనులో నీలికళ్ల హస్కీల వీడియోలు చూసి చూసి, ఆరో తరగతిలో మంచి మార్కులు వస్తే కొనిస్తానని నా చేత మాట తీసుకుంది. మార్కులు వచ్చాయి. హస్కీలను చేరదీసే ఒక బృందానికి ఫోను చేశాను. ఊరి పేరు చెప్పగానే అవతలి అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత, "పగలంతా ఏసీ వేసి ఉంచుతారా సార్?" అని అడిగింది. మా ఇంట్లో మనుషులకే అంత వైభోగం లేదన్నాను. "అయితే ఇవ్వలేం సార్, ఏమీ అనుకోకండి" అంది. అయిదు నిమిషాల్లో తేలిపోయింది. ఊరికే ఇచ్చేదానికి ఇంత బెట్టా అని రెండు రోజులు ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను. అదే వారంలో ఒక అమ్మకందారు హస్కీ పిల్ల ఫోటోలు పంపి, "ఏం కాదు సార్, ఎండ అదే అలవాటవుతుంది" అన్నాడు. కొనే దాకా వెళ్లి, డబ్బు సర్దుబాటు కాక ఆగిపోయాను.

ఆ మే నెలలో మా వీధి చివరి ఇంట్లో ఒక హస్కీని చూశాను. సైబీరియా చలికోసం తయారైన రెండు పొరల బొచ్చుతో, స్నానాల గది గచ్చు మీద పడుకుని డొక్కలు ఎగరేస్తూ రొప్పుతోంది. ఆ రొప్పు వీధి గేటు దాకా వినిపించేది. మరుసటి వేసవికి అది ఆ ఇంట్లో లేదు. ఏమైందని నేను అడగలేదు.

ఆ అమ్మాయి నన్ను కాదన్నది ఎందుకో అప్పుడు తలకెక్కింది. ఒక జాతి ఎంత అందంగా ఉంటుందో, ఎంత తెలివైనదో అమ్మేవాళ్లు చెబుతారు. అది ఏయే ఇళ్ల నుంచి, ఏ కారణం చేత బయటికి వచ్చిందో ఈ బృందాలకు తెలుసు. వాళ్ల ప్రశ్నలన్నీ ఆ కారణాలే. ప్రతి ప్రశ్న వెనుక ఒక కుక్క ఉంటుంది. మిద్దె గోడ ఎత్తు అడిగారంటే ఎక్కడో ఒకటి కోతిని చూసో టపాసుల మోతకు బెదిరో మిద్దె మీద నుంచి దూకి ఉంటుంది. ఇల్లు అద్దెదా అన్నారంటే యజమాని ఒప్పుకోలేదని ఒకదాన్ని రోడ్డు మీద వదిలేసి ఉంటారు. రెండేళ్లలో విదేశాలకు వెళ్లే ఆలోచన ఉందా అని నన్ను అడిగారు. వీసా రాగానే కుక్కను వదిలించుకున్నవాళ్లు వాళ్లకు ఎందరు తగిలారో మరి.

హస్కీ ఆలోచన మానుకుని లాబ్రడార్ కోసం అడిగినప్పుడు, ఆ బృందం వాళ్లు వీడియో ఫోనులో ఇల్లంతా చూపించమన్నారు. గేటు సందు, సంపు మూత, మెట్లు, కుక్క పడుకునే చోటు. నేను ఉత్సాహంగా హాలు చూపించబోతే, "హాలు తరువాత చూద్దాం, సంపు మూత ఎత్తి చూపించండి" అన్నారు. చివర్లో ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడాలన్నారు. నాకు చెమటలు పట్టాయి. మా అమ్మకు మడి, పూజ పట్టింపు ఎక్కువ. ఫోను చేతికిచ్చాను. "నేను దాన్ని ముట్టుకోను. వంటింట్లోకి, దేవుడి గదిలోకి రానివ్వను. అన్నం మాత్రం వేళకు పెడతాను" అని అమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇక అయిపోయిందనుకున్నాను. అవతలి ఆవిడది హిందూపురం వైపు, తెలుగు బాగా వచ్చు. "అమ్మగారు చెప్పినంత నికరంగా ఎవరూ చెప్పరు" అని మాకే ఇస్తామన్నారు. కాబట్టి వాళ్లకు నచ్చే సమాధానాలు వెతక్కండి. మీ ఇంట్లో ఎవరికైనా ఇష్టం లేకపోతే అది కూడా చెప్పండి.

వాళ్లు అడిగినంత మీరూ అడగాలి. నేను అడగక దెబ్బతిన్నాను. మాకిచ్చిన కాగితంలో 'పిల్లులతో సర్దుకుంటుంది' అని ఉంది. వచ్చిన రెండో రోజే మా పెరటి గోడ మీద పిల్లిని చూసి తాడుతో సహా నన్ను ఈడ్చుకుపోయింది. విచారిస్తే, అది ఉన్న ఇంట్లో అసలు పిల్లే లేదు. ఎవరో ఊహించి రాసేశారు. అందుకని, ఏ గుణం చెప్పినా, ఎవరి ఇంట్లో ఎన్నాళ్లు చూసి చెబుతున్నారో అడగండి. కుక్కను తాత్కాలికంగా ఉంచుకున్న మనిషితో నేరుగా మాట్లాడించమనండి. రక్తపరీక్ష కాగితాలు, టీకాల పుస్తకం, పిల్లలు పుట్టకుండా చేసిన ఆపరేషన్ తేదీ చూడండి. ఒప్పంద పత్రం చదవండి. మాదాంట్లో పిల్లల కోసం ఈత (కాన్పు) వేయించకూడదు, పగలంతా కట్టేయకూడదు, పెంచలేకపోతే వేరొకరికి ఇవ్వకుండా తిరిగి వాళ్లకే అప్పగించాలి అని ఉంది. ఆ చివరి షరతు లేని బృందమైతే నేను నమ్మను. కుక్కను చూపించకుండానే రవాణా ఖర్చులకని ముందు డబ్బు పంపమనేవాళ్లు ఎవరైనా తగిలితే ఫోను పెట్టేయండి. దత్తత పేరుతో మోసాలు చేసేవాళ్లూ ఉన్నారు.

మాకు వచ్చింది పసుపు రంగు ఆడది. పళ్లు చూసి అయిదారేళ్లుంటాయన్నారు. కుక్కపిల్లల వ్యాపారం చేసేవాడి దగ్గర ఈత మీద ఈతగా వాడుకుని, ఇక పనికిరాదని వదిలేసిన కుక్క. మీరు కొనుక్కోవడం గురించి అడిగారు కదా, ఇక్కడ చెబుతాను. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 18 నెలలు నిండని, 8 ఏళ్లు దాటిన ఆడకుక్కకు ఈత వేయించకూడదు. జీవితంలో అయిదు ఈతలు మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. కొనాలనే అనుకుంటే నమోదు పత్రం చూపించమని, పిల్ల తల్లిని చూపించమని అడగండి. నేను అడిగిన ఇద్దరూ తల్లిని చూపించలేదు.

బృందం పెట్టిన పేరు బెల్లా. మా అమ్మ నోట రెండో రోజుకే అది బెల్లం అయింది. రంగు కూడా సరిపోవడంతో ఆ పేరే నిలిచింది.

బెంగళూరు నుంచి కారులో తెచ్చాం. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి, కడుపు ఖాళీగా ఉంచమన్నారని ఏమీ పెట్టలేదు. అయినా పెనుకొండ దగ్గర కియా కర్మాగారం దాటే లోపు రెండుసార్లు కక్కింది. పాత దుప్పట్లు నాలుగు తీసుకెళ్లండి, రెండు చాలవు. రైలైతే ఫస్టు ఏసీలో కూపే మొత్తం తీసుకుంటేనే కుక్కను వెంట ఉంచుకోనిస్తారు, లేకపోతే గార్డు పెట్టెలోని గూట్లో వేయాలి. బెదురు కుక్కకు ఆ గూడు వద్దు.

మొదటి మూడు రోజులు బెదురు, మూడు వారాలకు అలవాటు, మూడు నెలలకు ఇది తన ఇల్లని తెలుస్తుందని ఈ పని చేసేవాళ్లు ఒక లెక్క చెబుతారు. బెల్లం ఆ లెక్కకు లొంగలేదు. బోనులో బతికిన ప్రాణం కావడంతో దానికి మెట్లెక్కడం రాదు. గది తలుపు తీసి ఉన్నా గడప దాటదు. ఎవరైనా రమ్మంటే తప్ప రాదు. చీపురు చేతిలోకి తీసుకుంటే నేల మీద పరుచుకుపోయి ఒంటికి పోసేది. మా పని మనిషి పాపం చీపురు వీపు వెనుక దాచుకుని గది దాటేది. మూడో వారంలో పాప చెప్పులు ఒక్కొక్కటీ మాయమయ్యాయి. చూస్తే మంచం కింద మూల వరసగా పేర్చి, వాటి చుట్టూ ముడుచుకుని పడుకుంది. పొదుగు పాలు చేపినట్టు ఉబ్బింది. డాక్టరు గారు చూసి, ఇది ఉత్తుత్తి చూలు లక్షణం, ఆపరేషన్ తరువాత కూడా కొన్నిటికి హార్మోన్ల తేడాతో ఇలా వస్తుంది, చెప్పులు బలవంతంగా లాక్కోవద్దు, రెండు మూడు వారాల్లో తగ్గుతుందన్నారు. తగ్గింది. ఆ రెండు వారాలూ పాప బడికి నా పాత చెప్పులేసుకుని వెళ్లింది, గొణగలేదు.

నెల తిరగకుండా జ్వరం. తిండి అంటే ప్రాణం ఇచ్చే కుక్క గిన్నె వైపు చూడలేదు. చిగుళ్లు తెల్లబడ్డాయి. గోమార్ల వల్ల వచ్చే జ్వరం, టిక్ ఫీవర్ అన్నారు. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. నాలుగు వారాలు మాత్రలు వాడితే తేరుకుంది. మన ప్రాంతంలో దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. చెవుల లోపల, వేళ్ల సందుల్లో రోజూ చూడండి, గోమార్ల మందు తేదీ తప్పనివ్వకండి, రెండు పూటలు తిండి మానేస్తే మూడో పూటకు ఎదురుచూడకుండా రక్తపరీక్ష చేయించండి. మీకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల అందుబాటులో ఉంది. కుక్క రాకముందే, కుక్కలను ఎక్కువగా చూసే డాక్టరు ఎవరో తెలుసుకుని ఉంచుకోండి.

ఇప్పుడు ఎండ మాట. నిలుస్తుంది, కానీ మనం మారాలి. లాబ్రడార్ మూలాలు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో చల్లటి నీళ్లలో దిగి పని చేసిన కుక్కలవి. దానికీ రెండు పొరల బొచ్చే. వేసవి వచ్చిందని గుండు గీయించకండి, ఆ బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది. రాలిన లోపలి బొచ్చును దువ్వెనతో తీసేస్తే చాలు. మార్చి నడుమ నుంచి జూన్ దాకా మేము ఉదయం ఆరు లోపు, రాత్రి ఎనిమిది దాటాక తప్ప బయటికి తీసుకెళ్లం. మీ ఊరి పేరుతోనే దేశమంతా తెలిసిన నల్ల నాపరాళ్లు ఇంటి లోపల దానికి వరమే, మధ్యాహ్నమంతా బోర్లా పడుకుని పొట్ట చల్లబరుచుకుంటుంది. అవే బండలు వాకిట్లో పదకొండింటికి పెనం. అరచేతి వెనక వైపు ఆనించి అయిదు క్షణాలు ఉంచలేకపోతే అక్కడ కుక్కను నడిపించకూడదు. ఇంకో మాట, నున్నటి బండల మీద కాళ్లు జారుతాయి. ఈ జాతికి తుంటి కీళ్ల జబ్బు ఎక్కువ కాబట్టి అది తిరిగే దారిలో గోనెపట్టాలు పరచండి. నోటి నుంచి జొల్లు తీగలా కారుతూ, చిగుళ్లు ఎర్రబడి, తూలుతుంటే వడదెబ్బ. వెంటనే ఒళ్లంతా నీళ్లు పోసి, ఫ్యాను గాలి తగిలేలా చేసి, తరువాత ఆసుపత్రికి పరుగెత్తండి. ముందు చల్లబరచాలి, ప్రయాణం ఆ తరువాత. పగలు ఇంట్లో ఎవరూ ఉండరు, పెరట్లో కట్టేసి వెళతాం అంటే మాత్రం ఈ జాతి మీకు వద్దు. జాతి మీద పట్టుదల లేకపోతే మన వీధికుక్క పిల్లను తెచ్చుకోండి, మన ఎండలో తరతరాలుగా బతుకుతున్నది అదే.

తిండి దగ్గర మా అందరికీ బుద్ధి వచ్చింది. వచ్చినప్పుడు 24 కిలోలు. బక్కగా ఉందని తలా ఒక చెయ్యి వేశాం. పాప బిస్కెట్లు, నేను వేయించిన వేరుశనగ గింజలు, ముట్టుకోనన్న అమ్మ పెరుగన్నం. అయిదు నెలల్లో 33. డాక్టరు గారు కుక్కను వదిలేసి మమ్మల్ని తిట్టారు. ఈ జాతికి కడుపు నిండిందన్న సంగతి తెలియకపోవడం ఉత్త మాట కాదు. లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి ఆకలిని అదుపు చేసే పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు తేల్చారు. కాబట్టి దాని చూపులకు కరగకండి. ఇప్పుడు కొలిచి రెండు పూటలే, రాగి సంకటి, ఉడికించిన కోడి, కాస్త గుమ్మడి. బరువు 28కి దిగింది. ఉల్లిపాయ అసలు పెట్టకండి, కుక్కల ఎర్ర రక్తకణాలను అది దెబ్బతీస్తుంది. మన ఇళ్లలో ఆదివారం ఉగ్గాని మిగిలితే కుక్కకు వేయడం మామూలే, అందులో ఉల్లిపాయ ఎంత ఉంటుందో మీకు తెలియనిది కాదు.

మా అమ్మ ఇప్పటికీ దాన్ని ముట్టుకోదు. వంటింటి గడప బయట బెల్లం, లోపల అమ్మ, ఇద్దరికీ ఆ గీత తెలుసు. మేము లేనప్పుడు దానితో ఏం మాట్లాడుతుందో కానీ, నేను తలుపు తీసేసరికి మాట ఆపేస్తుంది.

కాబట్టి బృందం వాళ్లకు మళ్లీ ఫోను చేయండి. చేసేముందు టేపు పట్టుకుని మిద్దె ఎక్కండి. మాది మూడడుగుల గోడ, చాలదన్నారు, పైన ఇంకో రెండడుగులు ఇనుప వల కట్టించాకే కుక్కను ఇచ్చారు. మీదెంత ఉంది?