సమాధానం: ఎండీసీకే కణాల పొర నిరోధం 220 ఓమ్‌ల దగ్గరే ఆగిపోతోంది

12 మి.మీ. ఫిల్టర్ మీద పెంచిన ఎండీసీకే (కుక్క కిడ్నీ నుంచి వచ్చిన) కణాల పొర నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, ఐదో రోజు కూడా మీటరు మీద 220 ఓమ్‌లు దాటడం లేదని, పరిశోధన పేపర్లలో వేలల్లో చూపిస్తున్నారని రాశారు. ముందు లెక్క సరిచూడండి. కణాలు లేని ఫిల్టర్‌ను అదే మీడియంలో (కణాలను పెంచే పోషక ద్రవంలో) కొలిచి, ఆ అంకెను తీసేయాలి. మిగిలినదాన్ని వైశాల్యం 1.12 చ.సెం.మీ.తో గుణించాలి, భాగించకూడదు. ఖాళీ ఫిల్టర్ 110 చూపితే మీ అసలు విలువ సుమారు 123 ఓమ్.చ.సెం.మీ.

అది రెండో రకం ఎండీసీకేకి మామూలే. వేలల్లో వచ్చేది మొదటి రకానికి. రెండో రకంలో క్లాడిన్-2 అనే ప్రోటీన్ ఉంటుంది, అది కణాల సందుల్లోంచి సోడియం జారిపోయే దారులు చేస్తుంది. మొదటి రకంలో అది లేదు. కాబట్టి కణాలు వచ్చిన వయల్ (చిన్న సీసా) మీద ఏ రకమని రాసి ఉందో చూడకుండా ప్రోటోకాల్ మార్చకండి.

విలువ 50 కంటే తగ్గితేనే కల్చర్‌ను అనుమానించండి. ఎక్కువసార్లు తప్పు జరిగేది ట్రిప్సిన్ దగ్గర, అంటే ఆ ఎంజైముతో కణాలను ఫ్లాస్క్ నుంచి ఊడదీసేటప్పుడు. ఈ కణాలు మొండిగా అంటుకుంటాయి. కాల్షియం, మెగ్నీషియం లేని పీబీఎస్‌తో (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణంతో) రెండుసార్లు కడిగి, 0.25% ట్రిప్సిన్-ఈడీటీఏ వేసి, 37 డిగ్రీల దగ్గర 10-15 నిమిషాలు ఆగండి. తొందరపడి ఫ్లాస్క్‌ను తట్టి ఊడదీస్తే ముద్దలుగా వస్తాయి, ఫిల్టర్ మీద వాటి మధ్య ఖాళీలు మిగులుతాయి. ఒక్క చిన్న ఖాళీ చాలు, కరెంటంతా అందులోంచే పోతుంది.

ఇంక్యుబేటర్ నుంచి తీయగానే ఒకసారి, చల్లారాక ఒకసారి కొలిచిన అంకెలను పోల్చకండి. చల్లబడితే నిరోధం పెరుగుతుంది. మైకోప్లాస్మా (కల్చర్లలో కంటికి కనపడకుండా చేరే బాక్టీరియా) పరీక్ష కూడా చేయించండి.