గిటార్ విడిభాగాలు: కొనే ముందు కొలవండి

పాతకాలపు స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) తరహా ఎలక్ట్రిక్ గిటార్‌ను సొంతంగా బిగించుకుంటున్నవారి ఉత్తరాలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. బాడీ ఒక చోట, నెక్ ఇంకో చోట, పికప్‌లు (తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంత భాగాలు) మరో చోట కొన్నవారే అందరూ. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: 1950ల తరహా గిటార్ కోసం బాడీ, నెక్ కొన్నాను. ఇక బ్రిడ్జి, ట్యూనర్లు, నాబ్‌లు కావాలి. ‘స్ట్రాట్‌కు సరిపోతుంది’ అని రాసి ఉన్నవి ఏవైనా తీసుకోవచ్చా? (తార్నాక)

జవాబు: ఆ మాట నమ్మి కొనకండి. ఫెండర్ కంపెనీ 1954లో ఈ గిటార్‌ను అంగుళాల కొలతలతో తెచ్చింది. తర్వాత ఆసియాలో తయారైన చవక రకాల్లో చాలా భాగాలు మిల్లీమీటర్ల కొలతల్లోకి మారాయి. చూడ్డానికి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి, బిగించబోతేనే తేడా బయటపడుతుంది. ముందు ఒక వెర్నియర్ కాలిపర్ కొనండి. సికింద్రాబాద్ రాణిగంజ్ పనిముట్ల దుకాణాల్లో అడగండి, ప్లాస్టిక్‌దైనా ఈ పనికి చాలు.

మొదట చూడాల్సింది బ్రిడ్జి, అంటే బాడీ మీద తీగలు ఆనే భాగం. ఆరు స్క్రూల పాత తరహా బ్రిడ్జిలో మొదటి స్క్రూ నడిమి నుంచి ఆరో స్క్రూ నడిమికి 56.4 మి.మీ. ఉంటుంది. మిల్లీమీటర్ల రకంలో ఇది సాధారణంగా 52.5. మీ బాడీకి ముందే రంధ్రాలు ఉంటే వాటినే కొలిచి, ఆ కొలతకు బ్రిడ్జి కొనండి. బ్రిడ్జి ముందు కొని రంధ్రాలు తర్వాత చూసుకుంటే, ఆరూ పూడ్చి మళ్లీ వేయాల్సి వస్తుంది. బాడీ మందం కూడా కొలవండి. అసలుది ఒకటి ముప్పావు అంగుళం, అంటే 44.5 మి.మీ. చవక బాడీలు కొన్ని 40 మి.మీ.కి అటూ ఇటూగా ఉంటాయి. అలాంటి దానికి బ్రిడ్జి కింద ఉండే ఉక్కు బ్లాక్ పూర్తి పొడవుది పెడితే అది వెనక నుంచి పొడుచుకొచ్చి వెనక ప్లేటు మూసుకోదు.

ట్యూనర్లు, అంటే వీణ వాళ్ల మాటలో బిరడలు. పాత క్లూసన్ కంపెనీ తరహావాటికి నెక్ తలలో 8.7 మి.మీ. రంధ్రం ఉండాలి. కొత్త రకాలకు 10 మి.మీ. రంధ్రం ఉంటుంది. మీ నెక్‌కు 10 మి.మీ. రంధ్రాలుండి, పాత తరహా ట్యూనర్లే కావాలంటే బయట 10, లోపల 6.35 మి.మీ. ఉన్న కన్వర్షన్ బుష్‌లు ఆరు తీసుకోండి. దీనికి తిరగేసిన సమస్య, అంటే 8.7 రంధ్రాన్ని 10 చేయడం, డ్రిల్ బిట్‌తో చేసే పని కాదు. బిట్ అంచు పట్టుకుని లాగి పాలిష్‌తో పాటు చెక్కనూ పెచ్చులుగా ఊడదీస్తుంది. రీమర్‌తో చేత్తో తిప్పుతూ, రెండు వైపుల నుంచీ కొంచెం కొంచెంగా వెడల్పు చేయాలి.

నాబ్‌ల విషయం చిన్నదే గానీ పగిలేవి ఎక్కువగా ఇవే. అంగుళాల పాట్ (నాబ్ కింద ఉండి శబ్దాన్ని పెంచి తగ్గించే భాగం) కడ్డీకి 24 సన్న పళ్లు, మిల్లీమీటర్ల రకానికి 18 పళ్లు ఉంటాయి. ఎక్కకపోతే బలవంతంగా నొక్కొద్దు. పిక్‌గార్డ్ (బాడీ ముందు వైపు ప్లాస్టిక్ పలక) కూడా అంతే: 1959 దాకా ఒకే పొర, 8 స్క్రూలు. ఆ తర్వాత మూడు పొరలు, 11 స్క్రూలు. బాడీపై రంధ్రాలు లెక్కపెట్టుకుని కొనండి.

ప్రశ్న: నెక్‌కు స్క్రూ రంధ్రాలు లేవు. కార్పెంటర్‌తో వేయించి బిగిస్తుంటే ఒక స్క్రూ తల తెగిపోయింది. ఇప్పుడేం చేయాలి? (కూకట్‌పల్లి)

జవాబు: మేపుల్ చాలా గట్టి చెక్క. టేకుకు అలవాటైన చెయ్యి దానికి చిన్న రంధ్రం వేస్తుంది, స్క్రూ దారిలోనే తెగుతుంది. తెగిన ముక్కను ప్లయర్‌తో లాగే ప్రయత్నం చేయకండి. 6 మి.మీ. బయటి వ్యాసం ఉన్న సన్నటి ఉక్కు గొట్టం చివర ఫైలుతో పళ్లు కోసి, డ్రిల్‌ను వెనక్కి తిప్పుతూ ముక్క చుట్టూ నెమ్మదిగా దింపండి. ముక్క బయటికొచ్చాక ఆ గుంతలో మేపుల్ డోవెల్‌ను (గుండ్రటి చెక్క మేకును) వుడ్ గ్లూతో దించి, ఒక రోజు ఆరనివ్వండి. అగ్గిపుల్లలు, రంపపు పొట్టు కలిపిన గ్లూ ఇక్కడ నిలబడవు.

మళ్లీ రంధ్రం వేసేటప్పుడు నెక్‌లో 3.2 మి.మీ. బిట్ వాడండి. బాడీలో రంధ్రం మాత్రం 4.5 మి.మీ. ఉండాలి, స్క్రూ అందులో పట్టు లేకుండా జారాలి. చాలామంది ఈ రెండోది మరిచిపోతారు. స్క్రూ మర బాడీని కూడా కరిస్తే ఎంత తిప్పినా నెక్ కిందికి దిగదు, మధ్యలో కాగితమంత సందు మిగిలిపోతుంది. మామూలు 44.5 మి.మీ. స్క్రూలో నెక్‌లోకి వెళ్లేది 14 మి.మీ. మాత్రమే, కాబట్టి బిట్‌కు 16 మి.మీ. దగ్గర టేప్ చుట్టి అక్కడే ఆపండి, లేదంటే బిట్ ఫ్రెట్‌బోర్డ్ (తీగలు నొక్కే ముఖం) వైపు తేలుతుంది. స్క్రూ మరలకు కొవ్వొత్తి రాయండి. సబ్బు వద్దు, అది తేమ పీల్చి స్క్రూకు తుప్పు పట్టిస్తుంది.

రంధ్రం వేసే ముందు నెక్‌ను క్లాంప్‌తో పట్టించి, రెండు చివరి తీగల దారిలో నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే గాళ్ల పట్టీ) నుంచి బ్రిడ్జి దాకా దారం లాగి చూడండి. చివరి ఫ్రెట్ (మెట్టు) దగ్గర రెండు దారాలకూ ఫ్రెట్ అంచుకూ మధ్య దూరం రెండు వైపులా సమానంగా ఉండాలి. నట్ నుంచి 12వ ఫ్రెట్‌కు 323.85 మి.మీ., దానికి రెట్టింపు 647.7 దగ్గర సన్న ఇ తీగ శాడిల్ (బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే ముక్క) రావాలి. మందపు ఇ తీగ శాడిల్ దీనికంటే నాలుగైదు మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది, ఆ చోటు వదిలి ఉంచండి.

ప్రశ్న: మూడు పికప్‌లు మూడు చోట్ల కొన్నాను. విడివిడిగా బాగానే ఉన్నాయి. స్విచ్ 2, 4 స్థానాల్లో (రెండేసి పికప్‌లు కలిసి మోగే చోట్లు) మాత్రం గొంతు పట్టేసినట్టు పీలగా వినిపిస్తోంది. (సైనిక్‌పురి)

జవాబు: మీ పికప్‌లలో ఒకటి మిగతా రెండింటికి ఎదురు ఫేజ్‌లో ఉంది, అంటే దాని సిగ్నల్ మిగతావాటికి వ్యతిరేకంగా ఊగి వాటిని కొట్టేస్తోంది. 2, 4 రెండిటిలోనూ మోగేది మధ్య పికప్, రెండిటా పీలగా ఉందంటున్నారు కాబట్టి తేడా దానిలోనే ఉంది. పికప్ పాడుకాలేదు. మల్టీమీటర్‌ను 20కె ఓమ్స్ దగ్గర పెట్టి, ప్రతి పికప్ రెండు వైర్లకు ఒకే వరసలో తగిలించండి. 6కె అటూ ఇటూ చూపిస్తుంది. స్క్రూడ్రైవర్ బద్దను అయస్కాంతాలన్నిటి మీదా ఆనించి, చటుక్కున పైకి లాగండి. మీటర్ అంకె క్షణంపాటు పైకో కిందికో ఎగురుతుంది. మూడు పికప్‌లకూ ఒకే దిక్కుకు ఎగరాలి, ఎదురుగా ఎగిరినది మీ దొంగ. దాని రెండు వైర్లు తారుమారు చేసి సోల్డర్ చేస్తే సరిపోతుంది. స్ట్రాట్ పికప్‌లో ప్లాస్టిక్ కవరే కాబట్టి ఇది సులువు. ఫెండర్ మరో గిటార్ టెలీకాస్టర్ నెక్ పికప్ లాంటి రేకు కవర్ ఉన్నదైతే ముందు కవర్‌కు ఉన్న ఎర్త్ జంపర్ (చిన్న కలుపు వైరు) విడదీయాలి, లేకపోతే కవరే సిగ్నల్ మోసి గీపెడుతుంది.

ఫేజ్ సరిచేశాక 2, 4లో హమ్ (బుయ్‌మనే కరెంటు మోత) తగ్గకపోతే అది లోపం కాదు. హమ్ తగ్గాలంటే మధ్య పికప్ అయస్కాంతం తిరగేసి, తీగ ఎదురు దిశలో చుట్టి ఉండాలి. పాతవి అలా ఉండేవి కావు. అసలు ఈ గిటార్‌కు 1977 దాకా మూడు స్థానాల స్విచ్చే ఉండేది, ఆ మధ్య స్వరాల కోసం వాయించేవాళ్లు దాన్ని రెండు స్థానాల నడుమ నిలబెట్టేవాళ్లు.

ప్రశ్న: టోన్ నాబ్‌కు పాత కాలపు ఆయిల్ కెపాసిటర్ వేల రూపాయలు పెట్టి కొనాలా? (ఉప్పల్)

జవాబు: అక్కర్లేదు. కోఠి గుజరాతీ గల్లీలో కొద్ది రూపాయల పాలియెస్టర్ కెపాసిటర్ చాలు. ‘104’ అని రాసి ఉంటే 0.1 మైక్రోఫారడ్, 1950ల విలువ. ‘473’ కొంచెం తక్కువ మొద్దుగా ఉంటుంది. డబ్బు పాట్‌ల మీద పెట్టండి: వాల్యూమ్‌కు A250K కావాలి. B అని ఉన్నది లీనియర్, నాబ్ మీది మొదటి రెండు అంకెల్లోనే శబ్దమంతా వచ్చేసినట్టు అనిపిస్తుంది. పాట్ వెనక ఎర్త్ సోల్డర్‌కు 25 వాట్ల ఐరన్ చాలదు. 60 వాట్లది, వెడల్పు మొనతో, మూడు నాలుగు సెకన్లలో ముగించండి. చిన్న ఐరన్‌ను నిమిషంపాటు ఆనిస్తే రేకు వేడెక్కి లోపలి కార్బన్ పట్టీ చెడుతుంది, సోల్డర్ మాత్రం పొడిగానే ఉండిపోతుంది.

ప్రశ్న: బాడీకి ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ కొట్టాను. జూలైలో కొట్టిన రెండో పూతకు పాలు పోసినట్టు తెల్లబడింది. (అల్వాల్)

జవాబు: వానాకాలపు మామూలు కథ ఇది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు బాడీ ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ పూతలో చిక్కుకుంటుంది. సాండ్ పేపర్‌తో గీకేయకండి. పొడి రోజు చూసి, రిటార్డర్ (నెమ్మదిగా ఆరే) థిన్నర్‌ను పలచగా ఒక పొగమంచు పూత కొడితే లాకర్ మళ్లీ కరిగి, తేమ బయటికి పోయి, తెలుపు తగ్గుతుంది. వాన పడుతున్నప్పుడు, పొద్దుపోయాక కొట్టొద్దు. మీది టేకు బాడీ అయితే సీలర్ వేసే ముందు థిన్నర్ గుడ్డతో తుడవండి, ఆ చెక్కలోని నూనె పూతను పట్టనివ్వదు. చివరి పూత తర్వాత మూడు నాలుగు వారాలు వేలాడదీసి ఉంచాకే పాలిష్. పూర్తయిన గిటార్‌ను రబ్బరు స్టాండ్ మీద నిలబెట్టకండి, రబ్బరు లాకర్‌ను మెత్తబరిచి మచ్చ వేస్తుంది.

ప్రశ్న: తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గుతోంది. ఒక్కోసారి చెయ్యి జివ్వుమంటోంది. వైరింగ్ తప్పా? (చిక్కడపల్లి)

జవాబు: ఇవి రెండు వేర్వేరు సంగతులు. ముట్టుకుంటే హమ్ తగ్గడం మంచి గుర్తే, బ్రిడ్జి ఎర్త్ వైర్ సరిగా ఉన్నట్టు. జివ్వుమనడం మాత్రం గిటార్ తప్పు కాదు. మీ ఆంప్ (యాంప్లిఫయర్) ప్లగ్ ఎర్త్ దగ్గర తెగి ఉంది, లేదా మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టారు. ఎర్త్ సరయ్యేదాకా వాయించడం ఆపండి. గోడ సాకెట్‌లో ఫేజ్‌కు (కరెంటు వచ్చే రంధ్రానికి), ఎర్త్‌కు మధ్య 230 వోల్టుల దగ్గర రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులు మించకూడదు. అలా లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పిక్‌గార్డ్ వెనక రాగి టేప్ వేస్తే బయటి బుస్సు తగ్గుతుంది. టేప్ ముక్కలను అతుకుల దగ్గర సోల్డర్ చేయండి, జిగురు కరెంటు మోస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు.

ప్రశ్న: పాత తరహా నెక్ కొన్నాను. ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ) తిప్పే చోటు బాడీ వైపున ఉంది. ఇబ్బందా? (మల్కాజిగిరి)

జవాబు: ఇబ్బందే. దాన్ని తిప్పాలంటే తీగలు వదులు చేసి, నెక్ ఊడదీయాలి. మే నెల ఎండకూ ఆగస్టు తేమకూ మధ్య చెక్క ఒకసారైనా వంగుతుంది కాబట్టి మన ఊళ్లో ఏడాదికి రెండుసార్లు ఈ పని పడుతుంది. బాడీలో, పిక్‌గార్డ్‌లో చిన్న గాడి తీయించుకుంటే నెక్ తీయకుండా పని జరుగుతుంది. మొదటి ఫ్రెట్‌నూ చివరి ఫ్రెట్‌నూ నొక్కి పట్టి చూస్తే 8వ ఫ్రెట్ దగ్గర సందు విజిటింగ్ కార్డు మందం, అంటే 0.3 మి.మీ. ఉండాలి. ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పొద్దు. తిప్పి, తీగలు శ్రుతి చేసి, మర్నాడు మళ్లీ కొలవండి.